నల్ల అట్ట మీద మెరుపు

ఆమె దిగులుపడటానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. గోరంత దొరికితే చాలు, మధ్యాహ్నానికల్లా దాన్ని కొండంత చేసుకుని, సాయంత్రానికి ఆ కొండ కింద తనే నలిగిపోతుంది. తలుపుకు తాళం వేశానా లేదా అని సగం వీధి నడిచాక వెనక్కి తిరిగే మనిషి. వచ్చి చూస్తే తాళం వేసే ఉంటుంది. మళ్లీ సగం వీధి వెళ్లాక, ఆ తాళం లాగి చూసింది ఇవాళా నిన్ననా అని ఇంకో అనుమానం. భర్త బేకరీలో రొట్టెలు కాలుస్తాడు, తెల్లవారకముందే వెళ్లిపోతాడు. మా ఆవిడకు ఏ దిగులూ లేని రోజంటూ వస్తే, ఎందుకు లేదా అని దిగులుపడుతుంది అని ఆయన అంటుంటాడు. పెళ్లయిన కొత్తలో ఈ మాట ముద్దుగా అనేవాడు. ఇప్పుడు అలవాటు కొద్దీ అంటున్నాడు.

చిత్రమేమిటంటే, ఆ దిగులే ఆమెకు అన్నం పెట్టింది. ఆమె పని సూదిమందు సీసాలు చూడటం. వేలెడంత గాజు సీసా, లోపల నీళ్లలాంటి మందు, పైన రబ్బరు మూత. బల్ల మీద ఒక లైటు పెట్టె ఉంటుంది. దాని వెనక సగం తెల్ల అట్ట, సగం నల్ల అట్ట. సీసాను మెడ దగ్గర పట్టుకుని, బుడగలు రాకుండా మెల్లగా తిప్పి, కొంచెం వంచి, ముందు తెల్ల అట్ట ఎదుట, తర్వాత నల్ల అట్ట ఎదుట చూడాలి. నూలు పోగు, మసి, రబ్బరు తునక ఉంటే తెల్ల అట్ట మీద తెలిసిపోతాయి. గాజు రవ్వ మాత్రం అక్కడ కనపడదు. అది నల్ల అట్ట మీదే, ఒక్క క్షణం, సూది మొనలాగా మెరుస్తుంది. ఆ క్షణంలో రెప్ప వేస్తే అది అడుక్కి దిగిపోతుంది. ఏ మరకా లేని సీసా పచ్చ ట్రేలోకి, అనుమానమున్నది ఎర్ర ట్రేలోకి వెళ్లాలి. పచ్చ ట్రే నుంచి ఆ మందు ఆస్పత్రులకు వెళుతుంది. నెలలు నిండకుండా పుట్టిన పసిబిడ్డలకు కూడా దాన్ని నరంలోకి ఎక్కిస్తారు.

ఈ సంగతి మొదటి రోజే ఎవరో ఆమెకు చెప్పారు. చెప్పినవాళ్లు మరిచిపోయారు గానీ ఆమె మరిచిపోలేదు. ఇన్నేళ్లూ ప్రతి సీసాలోనూ ఒక బిడ్డ చేయి చూస్తూ పనిచేసింది. అందుకే ఆమె కన్ను కప్పి ఏదీ దాటిపోయేది కాదు. తోటివాళ్లు ఆమెకు డేగక్క అని పేరు పెట్టారు. పక్క బల్ల అమ్మాయి నోరు మూయడం ఎరగదు, ఆమెను అందరూ రేడియో అంటారు. డేగక్క కళ్లకు కంపెనీవాళ్లు విడిగా తాళం వేసుకోవాలని, లేకపోతే ఎవరో ఎత్తుకుపోతారని ఆ రేడియో రోజూ ఒకసారైనా ప్రసారం చేసేది.

ఇంట్లో ఆమె మీద మరో అధికారి ఉంది, అత్తగారు. చదువు రాదు, నోరు వచ్చు. మామగారు పోయినా ఆయన పెట్టిన కట్టుబాటును ఆవిడ మాత్రం పోనివ్వలేదు. తెల్లవారి బైబిలు వాక్యం చదివేదాకా ఇంట్లో లైటు వెయ్యకూడదు. వీధి తలుపు తెరిచి, గుమ్మం దగ్గర ముక్కాలి పీట వేసుకుని, ఆకాశం నుంచి ఎంత వెలుగు పేజీ మీద పడితే అంత వెలుగులోనే చదవాలి. వాన మబ్బు పట్టిన రోజు ఒక్క వాక్యంతోనే సరి. కోడలు చదువుతుంది, అత్తగారు కళ్లు మూసుకుని వింటుంది. ఆ తర్వాత ఆవిడ చేసే ప్రార్థన ఎప్పుడూ ఒకటే. ప్రభువా, ఈ రోజుకు సరిపడా వెలుగివ్వు, రేపటిది రేపు అడుగుతాను.

కోడలికి ఈ ప్రార్థన ఏనాడూ ఆనలేదు. రేపటిది, ఎల్లుండిది, కుదిరితే వచ్చే ఏడాదిది కూడా ఇవాళే కనిపిస్తే బాగుండునని ఆమె కోరిక. ఒకసారి అత్తగారితో ఆ మాట అంది కూడా. చీకట్లో దీపం పట్టుకుని బయలుదేరినవాళ్లకు వీధి చివర కనపడుతుందా అమ్మాయ్, కాలి ముందు జానెడు కనపడుతుంది, ఆ జానెడు నడిస్తేనే తర్వాతి జానెడు, అంది ఆవిడ. కోడలు ఊ అంది. మనసులో మాత్రం, ఆ రెండో జానెడులో గొయ్యి ఉంటేనో అనుకుంది.

ఆ గొయ్యి ఎక్కడో వీధిలో కాదు, ఆమె కంట్లోనే పడింది.

ఒకరోజు తెల్ల అట్ట ఎదుట ఒక సీసా పట్టుకుంటే లోపల నల్లటి నలుసు తేలింది. ఎర్ర ట్రేలో పెట్టింది. తర్వాతి సీసాలోనూ ఉంది, ఆ తర్వాతి దాంట్లోనూ ఉంది. మధ్యాహ్నానికి ఎర్ర ట్రే నిండిపోయి పచ్చ ట్రే వెలవెలబోయింది. ఇన్‌చార్జి వచ్చి ఎర్ర ట్రే సీసాలను తనే పట్టి చూశాడు. పక్కవాళ్లకూ చూపించాడు. అన్నీ తేటగా ఉన్నాయి. ఆయన చెడ్డవాడు కాదు గానీ చిరాకు ముందు, మాట తర్వాత. మంచి మందంతా పారబోయించడానికేనా జీతమిస్తున్నది, వచ్చే వారం కళ్ల పరీక్ష ఉంది, ఆలోగా నిద్ర సరిగ్గా పో అని చెప్పి వెళ్లాడు.

ఆమెకు అసలు సంగతి అప్పుడే అర్థమైంది. నలుసు సీసాల్లో లేదు, తన కుడి కంట్లో ఉంది. గోడ వైపు చూసినా, ఆకాశం వైపు చూసినా అది వెంట వస్తోంది. కన్ను తిప్పితే ఒక క్షణం వెనకబడి, మళ్లీ వచ్చి ఎదుట నిలబడుతోంది. కళ్ల పరీక్షలో తప్పితే ఆ బల్ల దగ్గర కూర్చోనివ్వరు. పెట్టెలకు టేపు అంటించే హాల్లోకి పంపేస్తారు. జీతం తగ్గడం ఒక ఎత్తు, డేగక్క పెట్టెలు మోస్తోందని అనిపించుకోవడం ఒక ఎత్తు. చెబితే అదీ, చెప్పకపోతే పసిబిడ్డలు. మింగలేక కక్కలేక మూడు రోజులు తిండి మీద మనసు లేకుండా తిరిగింది. రేడియో ఏదో జోకు చెప్పి అందరూ నవ్వితే తనూ నవ్వి, ఎందుకు నవ్విందో తెలియక దిక్కులు చూసింది. భర్త అడిగితే తలనొప్పి అంది. ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, ఇంకేమీ అడగకుండా తన వంతు గిన్నెలే కాక ఆమె వంతువీ కడిగేశాడు.

ఇంట్లోనూ దాపరికమే అయింది. గుమ్మం దగ్గరి మసక వెలుగులో, నలుసు అడ్డం పడి అక్షరాలు అలుక్కుపోయేవి. కంఠతా వచ్చిన వాక్యాలను చదివినట్టే అప్పజెప్పేది. ఇది మొన్న చదివావు కదమ్మాయ్ అని అత్తగారు ఒకసారి అంది. మంచి మాట రెండుసార్లు వింటే నష్టమేముంది అత్తయ్యా అని తప్పించుకుంది. అత్తగారు ఒక కన్ను తెరిచి కోడలిని చూసి మళ్లీ మూసుకుంది.

ఆ తర్వాత ప్రార్థనలో ఆమె లోలోపలే వేడుకుంది. ప్రభువా, ఈ జానెడు లెక్కలు నా వల్ల కాదు. చెప్పాలా వద్దా, ఏదో ఒకటి తేల్చు. నాకు ఒక్క వెలుగు చూపించు.

వేడుకుని తల తిప్పిందో లేదో, కుడి పక్కన, కంటి కొసలో, తళుక్కుమని ఒక వెలుగు విల్లులా వంగి మాయమైంది.

ఆమె కొయ్యబారిపోయింది. వీధిలో ఎవరూ లేరు. బండి లేదు, టార్చి లేదు, మెరుపూ వానా లేవు. ఇంట్లో లైటు వెయ్యనే లేదు. మళ్లీ అటు తిరిగింది. మళ్లీ వచ్చింది. వెండి తీగలా, అంచునే, ముఖం తిప్పి సూటిగా చూడబోతే నిలవకుండా. ఆమెకు కళ్లంట బొటబొటా నీళ్లు కారాయి. పుట్టి బుద్ధెరిగాక అడిగిన దానికి అడిగిన వెంటనే జవాబు రావడం అదే మొదటిసారి.

ఆ వెలుగుకు అర్థం ఆమె తనే చెప్పుకుంది. చెప్పాలా వద్దా అని అడిగితే ఆయన వెలుగు చూపించాడు. అంటే నేనున్నాను, నీకెందుకు భయం అన్నట్టే కదా. భయం లేనప్పుడు ఇన్‌చార్జికి చెప్పాల్సిన పనేముంది? మనకు కావలసిన అర్థం ఎప్పుడూ గుమ్మంలోనే చెప్పులు వేసుకుని సిద్ధంగా ఉంటుంది. పిలవడమే ఆలస్యం.

ఆ రోజు నుంచి ఆమె వేరే మనిషి. తాళం వేసి వెనక్కి తిరగలేదు. భర్తతో నవ్వుతూ మాట్లాడింది. ఆయన భయపడ్డాడు, వంట్లో బాగానే ఉందా అని రెండుసార్లు అడిగాడు. పనిలో నలుసు కనిపించినప్పుడల్లా, ఇది నా కంట్లోదేలే అనుకుని సీసాను పచ్చ ట్రేలో పెట్టేసింది. పచ్చ ట్రేలు చకచకా నిండాయి. ఇన్‌చార్జి పక్క నుంచి వెళుతూ నిద్ర బాగా పట్టినట్టుందే అన్నాడు. వెలుగు రోజుకు చాలాసార్లు వస్తోంది. వచ్చినప్పుడల్లా ఆమె పెదవులు కదలకుండా స్తోత్రం చెప్పుకుంటోంది. ఒకసారి నల్ల అట్ట ఎదుట సీసా వంచుతుండగా చిన్న మెరుపు మెరిసింది. ఇక్కడికి కూడా వచ్చావా తండ్రీ అని ఆమె మనసు నిండిపోయింది. ఆ సీసాను రెండు వేళ్లతో ఎంతో సుతారంగా పచ్చ ట్రేలో ఉంచింది.

ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు సాక్ష్యం చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. మామూలుగా ఆ మాట వినగానే బల్ల కిందికి కుంచించుకుపోయే మనిషి, ఆ రోజు అందరికన్నా ముందు లేచింది. మైకు చేతికిచ్చారు. తను ఎంత దిగులు మనిషో, ఎలా అడిగిందో, వెలుగు ఎలా వచ్చిందో, ఇప్పటికీ రోజూ ఎలా వస్తోందో చెప్పింది. కన్ను సంగతి, సీసాల సంగతి మాత్రం చెప్పలేదు, ఒక కష్టం అని ఊరుకుంది. స్తోత్రం, స్తోత్రం అంటూ హాలు మారుమోగింది. వెనక వరసల్లో ఒక ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. పాస్టరుగారు దానిమీదే మరో పావుగంట ప్రసంగం సాగదీశారు. అత్తగారు ఆడవాళ్ల వరసలో, చేతులు ఒళ్లో పెట్టుకుని, కోడలి ముఖం వంకే చూస్తూ కూర్చుంది. స్తోత్రం అన్నట్టు ఎవరికీ వినపడలేదు.

ఇంటికొచ్చాక కోడలు ఆవిడ మెచ్చుకుంటుందని ఎదురుచూసింది. ఆవిడ చెప్పులు విడిచి, నీళ్లు తాగి, పీట మీద కూలబడి అడిగింది.

"ఆ వెలుగు ఏ పక్కన వస్తుంది?"

"కుడి పక్కన అత్తయ్యా. ఎప్పుడూ కుడి పక్కనే."

"ఎడమ కన్ను మూస్తే వస్తుందా?"

ఇదేం ప్రశ్నో ఆమెకు అర్థం కాలేదు. అత్తగారు ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, కిటికీ లేని సామాన్ల గదిలో నిలబెట్టి తలుపు వేసింది. ఎడమ కన్ను మూసి తల తిప్పమంది. వెలుగు వచ్చింది. కుడి కన్ను మూసి తిప్పమంది. రాలేదు. మళ్లీ తిప్పింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది, మెడ నొప్పి పుట్టేలా తిప్పింది. చీకటి తప్ప ఏమీ లేదు.

"దేవుడు ఒక్క కంటికే కనపడతాడా అమ్మాయ్?"

ఆవిడ ఆ మాట ఎత్తిపొడుపుగా అనలేదు. గొంతులో భయం ఉంది. అత్తగారి గొంతులో ఆమె అంతకుముందు ఎప్పుడూ భయం వినలేదు. తలుపు తెరిచి వెలుతుర్లోకి వచ్చేసరికి, కుడి కంట్లో ఒక్క నలుసు కాదు, ఎవరో గుప్పెడు మసి విదిల్చినట్టు చుక్కలే చుక్కలు కిందికి రాలుతున్నాయి. ఆమె గోడ పట్టుకుని కింద కూర్చుండిపోయింది.

భర్త చేతులకు పిండి అంటుకుని ఉండగానే పరుగెత్తుకొచ్చాడు. ఆదివారమైనా తెరిచి ఉండే కళ్ల ఆస్పత్రి ఒకటి పట్టుకున్నారు. కంట్లో చుక్కలు వేసి, కూర్చోబెట్టి, మళ్లీ చుక్కలు వేసి, మళ్లీ కూర్చోబెట్టారు. ఆ కుర్చీలో ఆమె అనుకోనిది లేదు. గుడ్డిదాన్నయిపోతాను. ఆయన వంట నేర్చుకోవాలి. అత్తయ్యకు వాక్యం ఎవరు చదువుతారు? పిల్లలు లేకపోవడమే మంచిదయింది, కాదు, ఉంటే చెయ్యి పట్టుకుని నడిపించేవాళ్లు. అనుకుని అనుకుని, సంఘమంతటి ముందు మైకు పట్టుకుని నిలబడిన సంగతి గుర్తొచ్చి, సిగ్గుతో కుడి ఎడమ తేడా లేకుండా రెండు కళ్లూ మూసుకుంది.

డాక్టరమ్మ మాటల పొదుపు మనిషి. కంటి వెనక గోడకు అంటుకుని ఒక పల్చటి పొర ఉంటుందని, అది ఒకచోట చిరిగిందని, ఇంకొన్నాళ్లు ఊరుకుని ఉంటే మొత్తం ఊడి వచ్చేదని చెప్పింది. మరి ఆ వెలుగు అని ఆమె అడిగింది.

"ఆ పొరకు నొప్పి తెలియదమ్మా. లాగినా, చిరిగినా దానికి తెలిసింది వెలుగొక్కటే. అది మెరిసిందంటే చిరుగుతోందని."

అప్పటికప్పుడు లేజరుతో చిరుగు చుట్టూ కుట్లు వేసినట్టు అతికించారు. ఆకుపచ్చ మెరుపులు ఒకదాని వెంట ఒకటి కంట్లోకి దూసుకొచ్చాయి. ఈసారి ఆమె స్తోత్రం చెప్పలేదు, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. చూపు దక్కింది, నలుసులు మాత్రం కొన్ని ఉండిపోతాయి, బరువులు ఎత్తకు, వారం తర్వాత రా అని డాక్టరమ్మ చెప్పింది. భర్త గట్టిగా ఊపిరి వదిలాడు. ఆమె మాత్రం గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. ఆ మెరుపు కంట్లోదో, ఎదురుగా ఉన్నదాంట్లోదో చూసే మనిషికి తేడా తెలుస్తుందా అని అడిగింది. భయంలో ఉన్నప్పుడు అన్నిసార్లూ తెలియకపోవచ్చు అంది డాక్టరమ్మ, తర్వాతి మనిషిని పిలుస్తూ.

చూపు దక్కిన సంతోషం ఆమెకు ఆస్పత్రి మెట్లు దిగేవరకే. మెట్టు మీదే ఆగిపోయింది. నల్ల అట్ట ఎదుట మెరిసింది ఏమిటి?

అది కంట్లో మెరుపు కావచ్చు. గాజు రవ్వ కావచ్చు. తను దాన్ని సుతారంగా పచ్చ ట్రేలో పెట్టింది. ఆ ఒక్కటే కాదు, ఆ రోజుల్లో నలుసులన్నీ నా కంట్లోవే అనుకుని ఎన్ని ట్రేలు నింపిందో. ఇంటికొచ్చాక అంతా చెప్పేసింది, వెక్కుతూ, ముందుది వెనక, వెనకది ముందు చేసి. భర్త వింటూ చేతుల మీది ఎండిన పిండి గోకుతూ కూర్చున్నాడు. ల్యాబు వాళ్లు కూడా చూస్తారు కదా, ఉంటే వాళ్లు పట్టుకోరా అన్నాడు. వాళ్లు ట్రేకు ఒకటో రెండో తీసి చూస్తారు, అన్నీ చూసేది మేమే అంది. ఇప్పుడు చెబితే నీ ఉద్యోగమే పోవచ్చు, చెప్పకపోతే ఎవరికీ తెలియదు అన్నాడు. చెప్పొద్దని అనలేదు, చెప్పమనీ అనలేదు. ఆయన కూడా మనిషే కదా, పొద్దున్న భార్య చూపు పోతుందనుకున్నవాడు, సాయంత్రానికి ఇంకో దెబ్బకు సిద్ధంగా లేడు.

తెల్లవారింది. గుమ్మం దగ్గర ఎప్పటిలాగే పీట వేశారు. కుడి కన్ను ఎర్రగా ఉంది గానీ అక్షరాలు ఆనుతున్నాయి. ఆమె ఇవాళ అయినా ఒక దారి చూపించే మాట రాకపోతుందా అని ఆశగా పేజీ తిప్పింది. వరస ప్రకారం ఆ రోజు వచ్చింది వంశావళి. ఫలానావాడు ఫలానావాడిని కనెను, వాడు ఇంకొకడిని కనెను. నోరు తిరగని పేర్లు. సగం చదివేసరికి ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. తల అటూ ఇటూ తిప్పింది. ఏ మూలా ఏ వెలుగూ రాలేదు. వీధి మీద మామూలు బూడిద రంగు వెలుతురు పరుచుకుంటోంది, పాలవాడు సైకిలు నడిపించుకుంటూ వెళుతున్నాడు.

ఏం చేయమంటారు అత్తయ్యా అని అడిగింది. అడిగిన తీరు, పరీక్షలో పక్కవాడి పేపరులోకి తొంగిచూసే పిల్లలా ఉంది.

"చేయాల్సింది నీకు కనపడటం లేదా, లేక కనపడుతున్నది నచ్చడం లేదా?"

అత్తగారు జవాబు కోసం ఆగకుండా కళ్లు మూసుకుని, ఈ రోజుకు సరిపడా వెలుగివ్వమని తన మామూలు ప్రార్థన చేసుకుంది.

ఆ రోజు పనికి వెళ్లిన దారి ఆమె ఎన్నడూ నడవనంత పొడవుంది. కాళ్లు ముందుకు వెళుతుంటే మనసు కొంగు పట్టుకుని వెనక్కి లాగింది. మందు ఇప్పటికే బయటికి వెళ్లిపోయి ఉంటే? వెళ్లకపోతే? ఏదీ లేదని తేలితే, వట్టి పిచ్చిదని పేరు. ఉందని తేలితే, అంతకన్నా ఘోరం. గేటు దగ్గర రెండుసార్లు ఆగింది. లోపలికి వెళ్లేసరికి ఆ సీసాలు చల్లగదిలోనే ఉన్నాయి. మధ్యాహ్నం లారీ ఎక్కాలి.

ఇన్‌చార్జి గదిలో నిలబడి చెప్పింది. ఈసారి కన్ను సంగతి, నలుసు సంగతి, కళ్ల పరీక్షకు భయపడి దాచిన సంగతి, ఏదీ మినహాయించలేదు. దేవుడి వెలుగు అనుకున్న సంగతి కూడా చెప్పింది. ఆయన ముఖం ముందు ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది. కుర్చీలోంచి లేచి, అరవబోయి, ఎందుకో మళ్లీ కూర్చున్నాడు.

"ఎవరూ అడగలేదుగా. వచ్చి చెప్పమని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు సార్. భయమేసింది, వచ్చాను."

ఆయన లారీ ఆపించాడు. ఆ ట్రేలన్నీ మళ్లీ బల్లల మీదికి వచ్చాయి. ఆమెను లోపలికి రానివ్వలేదు. నడవాలో, గాజు కిటికీ ఎదుటి బల్ల మీద కూర్చోమన్నారు. అక్కడి నుంచి లోపల లైటు పెట్టెలు, వాటి ఎదుట వంగిన తలలు కనపడుతున్నాయి. రేడియో కూడా నోరు కట్టేసుకుని చూస్తోంది. సీసా తిప్పడం, వంచడం, తెలుపు, నలుపు, పచ్చ ట్రే. తిప్పడం, వంచడం. ఏదీ దొరక్కూడదని ప్రార్థించబోయింది. ఉండి కూడా దొరక్కపోతే ఎలా అని ఆ ప్రార్థనను సగంలో ఆపేసింది. ఏమని అడగాలో తెలియక, ప్రభువా వాళ్ల రెప్ప పడనివ్వకు అని మాత్రం అడిగింది.

రేడియో చెయ్యి పైకెత్తింది.

గాజు దొరికితే ఆ పనిలో నోటితో చెప్పరు, చెయ్యి ఎత్తి సీసాను అలాగే పట్టుకుని కూర్చుంటారు. ఇన్‌చార్జి వెళ్లి చూశాడు. ఆయన వీపు మాత్రమే ఆమెకు కనపడింది. చాలాసేపు వంగి ఉన్నాడు. తర్వాత తలుపు తీసి ఆమెను రమ్మన్నాడు. రేడియో కుర్చీలోంచి లేచి, ఆమె కళ్లలోకి చూడకుండా సీసా చేతికిచ్చింది. ఆమె దాన్ని మెడ దగ్గర పట్టుకుంది. మెల్లగా తిప్పి, నల్ల అట్ట ఎదుట వంచింది.

మెరిసింది. సన్నగా, అందంగా, వెండి తీగలా.

ఆమె దాన్ని గుర్తుపట్టింది. పొరపాటు పడే అవకాశమే లేదు. ఇక్కడికి కూడా వచ్చావా తండ్రీ అని పలకరించింది దీన్నే. ఏ పసిబిడ్డ నరంలోకో వెళ్లవలసిన గాజు ముక్కకు తను స్తోత్రం చెప్పింది. తన బతుకులో దిగులు లేకుండా గడిచినవి ఆ కాసిని రోజులే, ఆ రోజుల్లోనే ఈ పని చేసింది. బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

ఈ ఒక్కటేనా, ఇంకా ఉండొచ్చా అని ఇన్‌చార్జి అడిగాడు. ఆయన గొంతులో చిరాకు లేదు. రేపటి నుంచి ఆమె ఈ గదిలోకి రాదని ఇద్దరికీ తెలుసు.

"తెలియదు సార్. అన్నీ చూడాల్సిందే."

ఆమె సీసాను తన చేత్తోనే ఎర్ర ట్రేలో పెట్టి, నడవాలోకి వచ్చి మళ్లీ ఆ బల్ల మీదే కూర్చుంది. లోపల ఇంకా సగం ట్రేలు మిగిలే ఉన్నాయి.